యతి కోసం వెతికితే దొరికిన వీధి

కొత్తగా కవిత్వం రాయబోయేవారికి పెద్దలు తరచుగా ఇచ్చే సలహా ఒకటుంది: ముందు భావం పండనివ్వండి, రూపం దానంతట అదే వస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. పాటించబోతేనే తంటా. తెల్లకాగితం ముందు ఎంతసేపు కూర్చున్నా భావం పండదు, పండినట్టు అనిపించిన రోజున రాసింది మర్నాడు చదివితే ఎక్కడో చదివినట్టే ఉంటుంది. భావం నీరనీ, ఛందస్సు దాన్ని పోసుకునే పాత్ర అనీ అనుకోవడంలోనే తిరకాసు ఉందని నా అనుమానం. పద్యం గానీ గజల్ గానీ నాలుగు పాదాల నానీ గానీ కవిని కొన్ని ప్రశ్నలు అడుగుతాయి. ఆ ప్రశ్నలకు జవాబు వెతుక్కునే క్రమంలో, రాయాలని అసలు అనుకోనిదేదో కాగితం మీదికి వస్తుంది. ఏ రూపం ఏ ప్రశ్న అడుగుతుందో తెలిస్తే చాలు, ‘స్ఫూర్తి’ కోసం కాచుకుని కూర్చునే అవసరం సగం తగ్గుతుంది.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. ఛందస్సు అనగానే చాలామందికి శార్దూలం, మత్తేభం, ఉత్పలమాల, చంపకమాల గుర్తొస్తాయి. బడిలో గణవిభజన చేసి మార్కులు తెచ్చుకున్నవి అవే. ఇవి వృత్తాలు. వీటిలో ప్రతి అక్షరానికీ చోటు ఖాయం. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, ఏది గురువు (నిడివైన అక్షరం) కావాలో ఏది లఘువు (పొట్టి అక్షరం) కావాలో ముందే నిర్ణయమైపోయింది, యతి (పాదం మొదటి అక్షరంతో చుట్టరికం కుదరవలసిన చోటు) పదో అక్షరం దగ్గర. సంస్కృత సమాసాలు బారులు తీరితే ఇవి గంభీరంగా నడుస్తాయి. మామూలు తెలుగు మాటలతో ఇందులో అడుగులు వేయడం కష్టం. చాలామంది ఇక్కడే బెదిరి ఛందస్సుకు దండం పెట్టేస్తారు.

తెలుగుకు సొంతమైన దారి వేరే ఉంది: ద్విపద, తరువోజ, ఆటవెలది, తేటగీతి, సీసం, అక్కరలు. అద్దంకిలో 848 నాటి పండరంగని శాసనంలో కనిపించే పద్యం తరువోజ. బెజవాడలో యుద్ధమల్లుడి శాసనంలోనివి మధ్యాక్కరలు. నన్నయకు ముందే రాతి మీద చెక్కిన పద్యాలివి. వీటి గణాలు, అంటే గురులఘువుల గుంపులు, వృత్తాల గణాల్లాంటివి కావు. సూర్యగణం అంటే రెండింటిలో ఏదైనా కావచ్చు: మూడు లఘువులు, లేదా ఒక గురువూ ఒక లఘువూ. ‘అరుగు’ ఒక సూర్యగణం, ‘మాట’ ఇంకో సూర్యగణం. ఇంద్రగణాలు కాస్త పెద్దవి, మూడు నాలుగు అక్షరాలవి, ఆరు రకాలు. కవి ఆ చోట తన మాటకు సరిపోయేదాన్ని వేసుకోవచ్చు. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి కాబట్టి ఆ ఒక్క పాదం 288 రకాలుగా నడవగలదు. ఉత్పలమాల పాదానికి ఉన్నది ఒకే నడక. ఛందస్సు అనగానే సంకెళ్ళ గురించి మాట్లాడేవారు ఈ తేడా లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించరు.

గురులఘువుల సంగతి మరిచిపోయినవారికి ఒక మాట. చిటిక వేసేంతసేపు పలికే పొట్టి అక్షరం లఘువు, దానికి ఒక మాత్ర. దీర్ఘం గానీ, పక్కన సున్న ఉన్నది గానీ, పొల్లుతో ముగిసేది గానీ, సంయుక్తాక్షరానికి ముందు ఉన్నది గానీ గురువు, దానికి రెండు మాత్రలు. ఇంత తెలిస్తే మిగతాదంతా సాధనే.

ఇప్పుడు ఒక ముడిసరుకు తీసుకుందాం. వేసవి రాత్రి కరెంటు పోయింది. ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చారు. కబుర్లు చెప్పుకున్నారు. కరెంటు రాగానే లోపలికి వెళ్ళిపోయారు. ఇందులో కవిత్వమేమీ లేదు, అందరికీ తెలిసిన ముచ్చటే. దీన్ని ఆటవెలదిలోకి తెద్దాం. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలో మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతిమైత్రి కుదరాలి.

దీపమారినపుడు తెలిసెను వెన్నెల
పొరుగు గొంతు మరల పొద్దుపుచ్చె
వెలుగు వచ్చినంత వీధిని విడిచిరి
తలుపులన్ని మూసి దాగినారు

గొప్ప పద్యమని ఇక్కడ పెట్టలేదు. అది ఎలా తయారైందో చూడటానికి పెట్టాను. మూడో పాదం దగ్గర ఆగుదాం. ‘వెలుగు వచ్చినంత’ వరకు మూడు గణాలూ సాఫీగా వచ్చాయి. తర్వాత చెప్పాలనుకున్నది ‘లోపలికి పోయారు’ అని. కానీ ‘వె’కూ ‘లో’కూ మైత్రి లేదు. యతి అడిగేది ప, ఫ, బ, భ, వ అనే హల్లుల్లో ఒకటి, అదీ ఇ, ఈ, ఎ, ఏ లాంటి అచ్చుతో. అప్పుడు వెతుకులాట మొదలవుతుంది. ‘బిరబిర నడిచిరి’ అంటే గణాలూ కుదురుతాయి, యతీ కుదురుతుంది. కానీ ఆ బిరబిరలో సరుకు లేదు. ‘పిల్లలు పెద్దలు’ అంటే జాబితా అవుతుంది, క్రియ ఎక్కడో వేలాడుతుంది. ‘వీధి’ అన్న మాట తట్టగానే పద్యం మొగ్గు మారింది. అప్పటిదాకా కథ ఇళ్ళ వైపు నుంచి నడుస్తోంది, జనం ఇంటికి తిరిగి వెళ్తున్నారు. ‘వీధిని విడిచిరి’ అనేసరికి వదిలిపెట్టబడినది వీధి అయింది. వీధికి కాస్త బాధ లాంటిది వచ్చింది.

నాలుగో పాదంలోనూ అదే తంతు. ‘తలుపులన్ని మూసి’ తర్వాత ‘తరలినారు’ అన్నా సరిపోతుంది, యతికి లోటు లేదు. కానీ ‘విడిచిరి’ అని ముందే అన్నాం కదా, మళ్ళీ తరలడమెందుకు? ‘త’కు ‘ద’తోనూ మైత్రి ఉంది కాబట్టి ‘దాగినారు’ కుదిరింది. దీపం వెలగగానే దాక్కునే మనుషులు! పద్యం మొదలుపెట్టినప్పుడు ఈ ఊహ లేనే లేదు. త, ద అక్షరాల చుట్టరికం వల్ల వచ్చి చేరింది.

యతి వల్ల కలిగే మేలు ఇది. కీడు కూడా ఇక్కడే పొంచి ఉంటుంది. మాట దొరకనప్పుడు గణం నింపడానికి ‘ఇల’, ‘మరి’, ‘గదా’, ‘మిగుల’ లాంటివి కుక్కితే పద్యం లెక్క సరిపోతుంది, ప్రాణం పోతుంది. యతి స్థానంలో వ్యర్థపదం పడిందంటే ఆ కవి ప్రశ్న విన్నాడు గానీ జవాబు చెప్పలేదన్నమాట. సామాజిక మాధ్యమాల్లో రోజూ కనిపించే పద్యాల్లో చాలావాటికి ఇదే జబ్బు.

ఆటవెలదిని వేమన వాడుకున్న తీరు చూస్తే రూపంలోని ఇంకో కీలకం తెలుస్తుంది. ‘విశ్వదాభిరామ వినురవేమ’ అన్న మకుటం అచ్చమైన ఆటవెలది సరిపాదం: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ, అయిదు సూర్యగణాలు, వి-వి యతి. అంటే చెప్పవలసిందంతా మూడు పాదాల్లో ముగిసిపోవాలి. ఉపమానానికి ఒకటిన్నర పాదం, తీర్పుకు ఒకటిన్నర, లేదా రెండూ ఒకటీ. సాగదీయడానికి చోటు లేదు. శతకం రాయబోయేవారు మకుటాన్ని అలంకారం అనుకుంటారు గానీ, అది నిజానికి నాలుగో వంతు స్థలాన్ని ముందే ఆక్రమించిన కిరాయిదారు. మకుటం పెద్దదైతే పద్యం చిన్నదవుతుంది. ఎంచుకునే ముందు ఆలోచించుకోవాలి.

కందం దగ్గర స్వభావం మారుతుంది. కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అన్న సామెత ఊరికే పుట్టలేదు. అన్నీ నాలుగు మాత్రల గణాలే. ఒకటి, మూడు పాదాల్లో మూడేసి, రెండు, నాలుగు పాదాల్లో అయిదేసి. రెండేసి పాదాలను కలిపి ఎనిమిది గణాలుగా లెక్కపెడితే బేసి గణం జగణం (లఘువు, గురువు, లఘువు) కాకూడదు, ఆరో గణం జగణమో నలమో (నాలుగు లఘువులు) కావాలి, రెండో పాదం, నాలుగో పాదం గురువుతో ముగియాలి, ప్రాస, అంటే అన్ని పాదాల్లో రెండో అక్షరంగా ఒకే హల్లు, తప్పకూడదు. నియమాలు ఇలా చదివితే గుండె జారుతుంది గానీ, సుమతి శతకం నోటికి వచ్చినవారికి ఈ నడక చెవిలో ఎప్పుడో కుదురుకుంది. 12 మాత్రల పొట్టి పాదం, 20 మాత్రల పొడుగు పాదం, మళ్ళీ అదే జత. ‘అక్కరకు రాని చుట్టము’ అని పొట్టి పాదంలో ఒక దెబ్బ, ఆపైన పొడుగు పాదంలో ఇంకో ఉదాహరణ పూర్తయి మూడోది మొదలై, పాదం దాటి కిందికి దూకుతుంది. ఒకటి తేల్చి చెప్పాలనుకున్నవారికి, వాదన ఉన్నవారికి కందం నప్పుతుంది. వెన్నెలను చూసి మురిసిపోవాలంటే వేరే చోటు చూసుకోవడం మేలు.

సీసం అందుకు పూర్తిగా విరుద్ధం. నాలుగు పెద్ద పాదాలు, ఒక్కొక్కటీ రెండు సగాలు, చివర ఒక తేటగీతి గానీ ఆటవెలది గానీ. ఇంత చోటు ఉంటే ఏం చేయాలి? పోతన ప్రహ్లాదుడి చేత చెప్పించింది గుర్తు తెచ్చుకోండి. ‘మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు పోవునే మదనములకు’ అని మొదలవుతుంది. తుమ్మెద తర్వాత రాయంచ, ఆపైన కోయిల, ఆఖరికి చకోరం. నాలుగు పాదాల్లో నాలుగు ప్రశ్నలు, అన్నింటికీ జవాబు ఒకటే, పోదని. అసలు విషయమైన హరిపాదాల ఊసు ఎత్తుగీతి (చివరి గీతపద్యం) దాకా రాదు. సీసం అడిగే ప్రశ్న అర్థమైందా? ‘నీ మాటకు నాలుగు సాక్ష్యాలు తెచ్చావా?’ అని.

మొదటి రెండు ఎవరికైనా తడతాయి. మూడోదానికి నిజంగా చుట్టూ చూడాలి. కరెంటు పోయిన రాత్రి మీద సీసం రాయాలంటే వెన్నెల, చుక్కలు, అరుగు మీద కబుర్లు అయిపోయాక ఏముంది? ఫ్రిజ్ చప్పుడు ఆగిన వంటిల్లు ఉంది. ఎవరి ఇంట్లో ఇన్వర్టర్ ఉందో వీధి మొత్తానికీ తెలిసిపోవడం ఉంది. పరీక్షకు చదువుకుంటున్న పిల్లకు దొరికిన సెలవు ఉంది. ఈ మూడూ మామూలుగా కవితలోకి రావు. నాలుగు పాదాలు నింపవలసి వచ్చింది కాబట్టే కంటపడ్డాయి. వస్తువు తట్టడం లేదని బాధపడేవారికి నేను సీసమే సూచిస్తాను, చివరికి పద్యం కుదరకపోయినా ఫరవాలేదు, జాబితా మిగులుతుంది.

ద్విపద గురించి కొద్దిగా. రెండేసి పాదాలు, పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, ప్రాస. పాల్కురికి సోమనాథుడు బసవపురాణానికి దీన్ని ఎంచుకున్నాడు, జనం పాడుకోవడానికి వీలైన నడక కాబట్టి. కథ చెప్పాలంటే ఇప్పటికీ దీన్ని మించినది లేదు. ఎవరూ రాయడం లేదెందుకో నాకు అంతుపట్టదు.

ఇక మాత్రల లెక్కకు వద్దాం. ఇక్కడ గణాల పేర్లు గుర్తుండనక్కరలేదు, తాళం తెలిస్తే చాలు. హేలీ తోకచుక్క కనిపించిన 1910లో గురజాడ ‘గుత్తునా ముత్యాల సరములు’ అని మొదలుపెట్టి కొత్త నడక చూపించాడు. చేత్తో తాళం వేసుకుంటూ చదవండి: గుత్తు, నాము, త్యాల, సరములు. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. మూడు పాదాలు 14 మాత్రల చొప్పున నడిచి, నాలుగోది కాస్త ముందే ఆగుతుంది. మన ముడిసరుకును ఇందులో పెడితే:

ఊరు మొత్తం చీకటైతే
అరుగు మీదికి అమ్మ వచ్చెను
పాత కథలను విసనకర్రను
కలిపి తెచ్చెను చేతిలో

గమనించారా, ఆటవెలదిలో లేని అమ్మ ఇందులోకి వచ్చింది. ముత్యాలసరం పరుగెడుతుంది, పరుగుకు ఎవరో ఒకరు కదలాలి. తీర్పులు ఇందులో ఇమడవు, మనుషులు ఇముడుతారు. నాలుగో పాదం ముందే ఆగడం వల్ల మిగిలిన ఖాళీలో వినేవాడు ఊపిరి తీసుకుని ‘ఊఁ’ కొడతాడు. కథ మళ్ళీ నడుస్తుంది.

శ్రీశ్రీ ఛందస్సును బద్దలు కొట్టాడని చెప్పేవారు ‘పదండి ముందుకు’ను ఒకసారి తాళం వేసి చూడాలి. పదండి నాలుగు మాత్రలు, ముందుకు నాలుగు మాత్రలు. కవాతు నడక అది, అడుగు తప్పదు. వృత్తాలను పక్కన పెట్టినంత మాత్రాన లయను పక్కన పెట్టినట్టు కాదు.

ఉర్దూ నుంచి హైదరాబాదు మీదుగా మనకు దగ్గరైన గజల్‌ను తెలుగులో దాశరథి మొదలుపెడితే సి. నారాయణరెడ్డి ఊరూరా వినిపించారు. దాని పరిభాష చూసి కంగారు పడనవసరం లేదు. రెండు పాదాల జత షేర్. మొదటి షేర్ మత్లా, ఆఖరిది మక్తా, అందులో సాధారణంగా కవి పేరు వస్తుంది. ప్రతి షేర్ చివర మారకుండా వచ్చే మాట రదీఫ్, దానికి ముందు అంత్యప్రాస కుదరవలసినది ఖాఫియా. మత్లాలో రెండు పాదాలకూ ఇవి ఉండాలి:

ముఖములు కనబడకున్నా గొంతులు కలిశాయి చీకట్లో
ఇరుగూ పొరుగుల పేర్లూ ఊర్లూ తెలిశాయి చీకట్లో

‘చీకట్లో’ రదీఫ్. ‘కలిశాయి’, ‘తెలిశాయి’ ఖాఫియా. రెండు పాదాలకూ 27 మాత్రలు. అసలు ఆట ఇక్కడి నుంచే. తర్వాతి షేర్ ఈ కరెంటు కోత గురించే ఉండనక్కరలేదు. అది విడిపోయిన స్నేహితుడి గురించి కావచ్చు, ఓట్ల గురించి కావచ్చు, ఏదైనా కానీ ‘చీకట్లో’ అనే మాటతోనే ముగియాలి. అయిదారు షేర్లు రాసేసరికి ఒకే మాట అయిదారు అర్థాల్లో తిరుగుతుంది. తెలుగు గజళ్ళు చాలావరకు విఫలమయ్యేది ఈ చోటే: మొదటి షేర్‌లో చెప్పిన సంగతినే చివరిదాకా లాగుతారు. అది గేయం అవుతుంది, దానికి తప్పేమీ లేదు, గజల్ మాత్రం కాదు. రదీఫ్ ఎంచుకునేటప్పుడు ఆ మాటకు ఎన్ని గుమ్మాలు ఉన్నాయో చూసుకోవాలి. ‘విసనకర్ర’ రదీఫ్‌గా పెట్టుకుంటే మూడో షేర్‌కే ఊపిరాడదు.

చిన్న రూపాల్లో రెండింటిని జనం కలగాపులగం చేస్తారు, హైకూనూ నానీనీ. హైకూ లెక్క 5-7-5 అని అందరికీ తెలుసు. ఏమిటి అయిదు? మనం అక్షరాలు అనుకుంటాం:

కరెంటు కోత
మేడ మీద పిల్లలు
చుక్కల లెక్క

అక్షరాల్లో ఇది సరిగ్గా 5-7-5. జపనీయులు లెక్కపెట్టేది మాత్రం మన మాత్రకు దగ్గరగా ఉంటుంది. దీర్ఘాచ్చుకు రెండు, పొల్లు నకారానికి విడిగా ఒకటి. ఆ లెక్కన చూస్తే పై మూడు పాదాలు 7, 10, 7 మాత్రలు. అంటే తెలుగులో రాసిన హైకూ అసలు హైకూ కన్నా కాస్త లావుగానే ఉంటుంది. అందుకని అంకె మీద కొట్టుకోవడం అనవసరం. చూడవలసినవి రెండు: ఒక రుతువు జాడ, మధ్యలో ఒక తెంపు. పక్కపక్కన రెండు దృశ్యాలు పెట్టి, వాటి మధ్య ‘కాబట్టి’ పెట్టకుండా ఊరుకోగలగాలి. జపాన్‌లో రుతువును సూచించే మాటలకు పెద్ద పెద్ద పట్టికలే ఉన్నాయి. మన పట్టికలో వేసవి కింద మామిడి, మల్లెలతో పాటు కరెంటు కోతనూ చేర్చవచ్చు.

నానీ అలా ఊరుకోదు. ఎన్. గోపి 1997లో తెచ్చిన ఈ రూపానికి నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. మొదటి సగం ఒకటి చెబుతుంది, రెండో సగం దాన్ని తిప్పికొడుతుంది:

కరెంటు వచ్చింది
వీధి ఖాళీ
ఎవరి చీకటిలోకి
వాళ్ళు వెళ్ళారు

23 అక్షరాలు. హైకూ చూపించి తప్పుకుంటే, నానీ వ్యాఖ్యానించి మరీ వెళ్తుంది. ఇందులో ప్రమాదమూ ఉంది. మలుపు కోసం మలుపు తిప్పితే చమత్కారం మిగులుతుంది, కవిత మాయమవుతుంది. పై నానీ కూడా ఆ అంచుమీదే ఉందని ఒప్పుకోవాలి. ‘చీకటి’ని మనసుకు ఆపాదించడం మరీ తేలికగా దొరికే మలుపు. ఆటవెలదిలోని ‘దాగినారు’ నాకు ఇంతకన్నా నచ్చుతుంది.

వచన కవిత రాసేవారు ఇదంతా మాకెందుకు అనవచ్చు. అక్కడా పాదం ఎక్కడ విరగాలన్న ప్రశ్న రోజూ ఎదురవుతుంది. జవాబు చెప్పడానికి గణం లేదు, యతి లేదు, ఖాఫియా లేదు. నియమం కవే పెట్టుకోవాలి, కవే పాటించాలి, ఎవరూ తప్పు పట్టరు. తప్పు పట్టేవారు లేని చోట పని మరింత కష్టం. కొన్నాళ్ళు కందంతో కుస్తీ పట్టి వచనానికి తిరిగి వచ్చినవారి పాదాల్లో అనవసరమైన ‘ఒక’లూ ‘ఆ’లూ రాలిపోయి ఉండటం నేను చాలాసార్లు గమనించాను.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ఆటవెలది రెండో పాదంతో. అయిదు సూర్యగణాలు, ఒక యతి, అంతే. బస్సులో కూర్చుని దుకాణాల బోర్డులు చదువుతూ కూడా కట్టవచ్చు. నాలుగు రోజులు అలా ఒక్కొక్క పాదమే కట్టి, ఆ తర్వాత బేసిపాదాలకు వెళ్ళండి. గణాలనూ యతినీ సరిచూసిపెట్టే సాధనాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. తప్పు ఎక్కడుందో చూపిస్తాయి కాబట్టి గురువు దగ్గర లేనివారికి మంచి ఆసరా. అయితే ముందు బయటికి చదివి చెవితో చూసుకుని, ఆ తర్వాతే వాటిలో వేయండి. చెవి ఒకసారి అలవాటు పడితే కుంటుతున్న పాదం తెరమీద కనిపించకముందే తెలిసిపోతుంది.

ఇంకా ఆడుకోవాలనిపిస్తే, అడిగినదానికి అప్పటికప్పుడు పద్యం చెప్పే అవధానంలోని అంశాలు ఉండనే ఉన్నాయి. పొంతన లేని నాలుగు మాటలు ఇచ్చి వాటితో పద్యం చెప్పమనే దత్తపది ఇద్దరు స్నేహితులు ఫోనులో ఆడుకోదగ్గ ఆట. ఇన్వర్టర్, రాయంచ, ఉప్పు, సోమవారం అని ఇచ్చి చూడండి, అవతలివారు తేటగీతిలో ఏం చెబుతారో. నిషిద్ధాక్షరి మాత్రం కొంచెం ఆగి ఆడుకోండి. అందులో అక్షరం అక్షరానికీ పృచ్ఛకుడు (ప్రశ్న వేసేవాడు) అడ్డుపడి, తర్వాత రాబోతోందని తనకు తోచిన అక్షరాన్ని నిషేధిస్తాడు. అవధాని అప్పటికప్పుడు దారి మార్చుకుని ఇంకో మాటలోకి దూరాలి.